తోండీ పరీక్షలో మార్కులు న్యాయంగా వేయాలంటే

ఫిబ్రవరి వచ్చిందంటే మా వైపు హైస్కూళ్లలో తోండీ హడావిడి మొదలవుతుంది. తోండీ అంటే నోటి పరీక్ష. మాట మరాఠీదే అయినా, తెలంగాణ సరిహద్దున గడ్చిరోలి జిల్లాలో ఉన్న మా సిరొంచ తాలూకాలో ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మేమంతా కూడా దాన్ని అలాగే అంటాం. మహారాష్ట్ర బోర్డు పదో తరగతిలో ఒక్కో భాషకు 80 మార్కులు రాతకు, 20 మార్కులు బడిలో వేసేవి. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు మూడూ కలిపితే 60 మార్కులు. రాతలో వెనకబడిన పిల్లను ఒడ్డున పడేసేవీ ఇవే, బాగా చదివే పిల్లకు కాలేజీ సీటు దగ్గర తేడా తెచ్చేవీ ఇవే.

నేను పదో తరగతికి మరాఠీ చెప్తాను. మా బడిలో పిల్లల్లో ఎక్కువమంది తెలుగు ఇళ్ల వాళ్లు, కొందరు గోండీ, మాడియా మాట్లాడే ఇళ్ల వాళ్లు, మరాఠీ ఇళ్ల వాళ్లు తక్కువ. ఇలాంటి చోట నోటి పరీక్షకు మార్కులు వేయడం ఎంత జాగ్రత్తగా చేయాల్సిన పనో నాకు మెల్లగా తెలిసొచ్చింది, కొంతమంది పిల్లలు నా వల్ల నష్టపోయాక తెలిసొచ్చింది. అందుకే ఈసారి మొదటిసారి తోండీ పెట్టబోయే టీచర్లకు పనికొస్తుందని నేను ఎలా చేస్తానో వివరంగా రాస్తున్నా. మాలాగే సరిహద్దున ఉన్న కిన్వట్, ధర్మాబాద్ వైపు వాళ్లకూ, సోలాపూర్‌లో తెలుగు పిల్లలకు చెప్పేవాళ్లకూ ఇందులో చాలా వరకు సరిపోతుంది.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. రాత పరీక్షకు కాగితం మిగులుతుంది. పిల్ల తన జవాబు పత్రం చూసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, జిరాక్స్ అడగొచ్చు, మళ్లీ దిద్దించుకోవచ్చు. తోండీకి అలాంటిదేమీ ఉండదు. పిల్ల చెప్పింది గాలిలో కలిసిపోతుంది, మిగిలేది మనం వేసిన అంకె ఒక్కటే. ఆ అంకె తప్పని నిరూపించే దారి పిల్లకు లేదు కాబట్టి దాన్ని సరిగ్గా వేసే బరువంతా మన మీదే ఉంది.

ఈ 20 మార్కుల మీద అనుమానాలు కూడా తక్కువేం కాదు. బడులు ఉదారంగా వేసేస్తున్నాయన్న మాట గట్టిగా వినిపించిన రోజుల్లో, 2018-19లో బోర్డు వాటిని తీసేసి భాషలకు 100కు 100 రాతే పెట్టింది. 2018లో 89.41 శాతం ఉన్న పదో తరగతి రిజల్టు 2019లో 77.10కి పడింది. మరుసటి ఏడాది ఆ 20 మార్కులు మళ్లీ తెచ్చారు, 2020లో 95.30 వచ్చింది. ఆ పడటానికి, లేవడానికి ఇదొక్కటే కారణమని నేననను, అప్పుడు సిలబస్ కూడా కొత్తది, 2020లో కరోనా వల్ల భూగోళం పేపరే జరగలేదు. కానీ ఆ రెండు మూడేళ్లలో తల్లిదండ్రులు ఎంత టెన్షన్ పడ్డారో దగ్గరుండి చూశాను. మనం ఇష్టం వచ్చినట్టు వేస్తే చివరికి నష్టపోయేది పిల్లలే అని అప్పుడు గట్టిగా అనిపించింది.

పరీక్షకు వారం ముందు

బోర్డు ఇచ్చిన సూచనల కాగితం తీసి, ఏ భాషకు ఏ భాగానికి ఎన్ని మార్కులో మళ్లీ చదవండి. పోయినేడాది గుర్తుంది కదా అని వదిలేయకండి. వినడానికి ఎన్ని, మాట్లాడడానికి ఎన్ని, చదవడానికో ఇంటిపనికో ఎన్ని అన్నది ఒక తెల్లకాగితం మీద మీ చేతిరాతతో రాసుకోండి.

తర్వాత అసలు పని. ఒక్కో అంకెకు అర్థం ఏమిటో ముందే రాసి పెట్టుకోవాలి. 5కు 4 అంటే ఏం విన్నట్టు, 3 అంటే ఏం విన్నట్టు? ఇది లేకుండా కూర్చుంటే పొద్దున వేసిన 4, మధ్యాహ్నం ఆకలి మీద వేసిన 4 ఒకటి కావు. మాట్లాడే భాగానికి నేను పెట్టుకున్నది ఇది: అడిగిన విషయం మీద తనంతట తాను మాట్లాడి, మధ్యలో వేరే ప్రశ్న వేసినా తడుముకోకుండా అందుకుని, విన్నవాళ్లకు మొత్తం అర్థమయ్యేలా చెప్తే 5. అదంతా ఉండి, నేను ఒకటి రెండుసార్లు అందించాల్సి వస్తే 4. చిన్న చిన్న వాక్యాలే అయినా విషయం దాటకుండా, ఏం చెప్తోందో నాకు అర్థమయ్యేలా చెప్తే 3. అడిగినదానికి ఒక్కో మాటలో జవాబు వస్తే 2. ప్రశ్న అర్థమైందని తెలిసేలా ఏదో ఒకటి చెప్తే 1. ఇందులో "శుద్ధమైన మరాఠీ" అన్న మాట ఎక్కడా లేదు చూడండి, కావాలనే పెట్టలేదు. పుణెలో పెరిగిన పిల్లకు మాత్రమే అందే 5 పెట్టుకుంటే అది భాషకు మార్కు కాదు, పుట్టిన ఊరికి మార్కు.

ఇది రాసుకున్నాక ఇంకో టీచరుతో కూర్చోండి. హిందీ సార్ అయినా, ఇంగ్లీషు మేడం అయినా పర్వాలేదు. తొమ్మిదో తరగతి పిల్లల్ని ముగ్గుర్ని పిలిచి రెండేసి నిమిషాలు మాట్లాడించి, ఇద్దరూ ఒకరిది ఒకరు చూడకుండా మార్కులు వేసి, అప్పుడు కాగితాలు పక్కపక్కన పెట్టండి. మొదటిసారి తేడా వస్తుంది, వచ్చి తీరుతుంది. ఎందుకు వచ్చిందో మాట్లాడుకోవడంలోనే సగం పని అయిపోతుంది. మాకైతే మొదటి ఏడాది ఒకే పిల్లకు హిందీ సార్ 4 వేస్తే నేను 2 వేశాను.

ఏం అడగాలి

ప్రశ్నలు అందరికీ ఒకే బరువుతో ఉండాలి. ఒకరికి "నీ పేరు చెప్పు, మీ ఊరి గురించి చెప్పు" అని, తర్వాతి పిల్లాడికి "పర్యావరణ కాలుష్యం మీద నీ అభిప్రాయం" అని అడిగితే పరీక్ష అక్కడే చెడిపోయింది. నేను 15 చీటీలు రాసి మడిచి పెడతాను, పిల్ల రెండు తీసుకుని ఒకటి ఎంచుకుంటుంది, ఒక నిమిషం ఆలోచించుకుంటుంది. వాడిన చీటీ మళ్లీ డబ్బాలో వేస్తాను కాబట్టి చివర వచ్చిన వాళ్లకు మిగిలిపోయినవి మాత్రమే రావు.

చీటీల మీద ఏముండాలన్నది ఇంకా ముఖ్యం. ఒకసారి వేరే చోటి నుంచి వచ్చిన ప్రశ్నల కట్టలో "నేను చేసిన రైలు ప్రయాణం" అని ఉంది. సిరొంచకు రైలే లేదు. మా జిల్లాలో రైలు ఎక్కాలంటే ఎక్కడో ఉత్తరాన వడసా వెళ్లాలి, జిల్లా కేంద్రానికే ఇక్కడి నుంచి 200 కిలోమీటర్ల పైన. రైలు ఎక్కని పిల్ల నోరు తెరవకపోతే అది మరాఠీ రాక కాదు. అలాగే మాల్, విమానం, సముద్రం. వీటి బదులు వరద వచ్చిన రోజు, సంతకు వెళ్లిన రోజు, మిర్చి ఏరడం, కాళేశ్వరం జాతర, అమ్మమ్మ చెప్పిన కథ, బడిలో మొదటి రోజు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు జరిగినప్పుడు సిరొంచ ఘాట్ జనంతో నిండిపోయింది. ఆ తర్వాతి ఏడాది అది చీటీ మీద పెడితే, తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా ఆపమనే వరకు చెప్పారు.

ఇంకో జాగ్రత్త. నాన్న ఏం చేస్తాడు, ఇంట్లో ఎంతమంది, ఏం తిన్నావు అని మాట కలపడానికి అడిగేస్తుంటాం. తండ్రి లేని పిల్ల ఉంటుంది, చెప్పుకోలేని ఇల్లు ఉంటుంది. మొదటి ప్రశ్నకే గొంతు పూడుకుపోతే మిగతా నాలుగు నిమిషాలూ పోయినట్టే. మాట కలపాలంటే "పొద్దున బడికి ఎలా వచ్చావు" అని అడగండి, చాలు.

యాస సంగతి

దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మా సరిహద్దు బడుల్లో అన్యాయం ఎక్కువగా జరిగేది ఇక్కడే.

నా పదో తరగతి తోండీలో పరీక్ష పెట్టిన సార్ పొద్దున ఏం తిన్నావని అడిగారు. నేను భాత్ (అన్నం) అనబోయి బాత్ అన్నాను. ఆయన పక్క సార్ వైపు తిరిగి నవ్వారు. అంతే, ఆ తర్వాత నా నోరు పెగల్లేదు. 20కి 9 వచ్చాయి. రాతలో అదే మరాఠీలో తరగతిలో రెండో స్థానం నాదే. ఆ 9 ఎందుకు వేశారో ఎవరూ చెప్పలేదు, అడిగే ధైర్యం నాకూ లేదు, మా నాన్నకూ లేదు.

తెలుగు నోటికి మరాఠీ ఎక్కడ తడబడుతుందో తెలిస్తే మార్కు ఎక్కడ కోయాలో, ఎక్కడ కోయకూడదో తేలిగ్గా తెలుస్తుంది. మన మాటల్లో ఘ, భ లాంటి ఒత్తక్షరాలు రాతలో ఉన్నంతగా నోట్లో ఉండవు కాబట్టి ఘర్ గర్ అవుతుంది, భావూ బావూ అవుతుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పుస్తక్ అనాల్సిన చోట చివర చిన్న ఉకారం వచ్చి చేరుతుంది. లింగం ఇంకా కష్టం. మరాఠీలో మూడు లింగాలు, పైగా ప్రాణం లేని వస్తువులకూ ఆడా మగా ఉంటుంది. శాళా (బడి) ఆడ, ఝాడ్ (చెట్టు) నపుంసకం. మనకు చెట్టైనా బడైనా ఒకటే, "ఉంది". అందుకే మాఝీ శాళా అనాల్సింది మాఝా శాళా అంటారు.

అయితే మన పిల్లలకు సులువుగా వచ్చేవి కూడా ఉన్నాయి, పరీక్ష పెట్టేవాళ్లు అవి గమనించరు. ళ పలకడంలో మనకు ఇబ్బందే లేదు, హిందీ ఇళ్ల పిల్లలు దాని దగ్గరే ఆగిపోతారు. మరాఠీలో చకు రెండు రకాల పలుకుబడి ఉంది. చాంగలా అనేటప్పటి చ అచ్చం మన చాలు, చాప అనేటప్పటి చ లాంటిదే. ఆమ్హీ, ఆపణ్ తేడా అయితే మేము, మనం తేడాయే, ఎవరూ నేర్పక్కర్లేదు. తప్పులు ఏరినంత శ్రద్ధగా ఇవి కూడా వినాలి.

మరి కోత ఎక్కడ? నేను పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే: వినేవాళ్లకు అర్థం మారిపోయిందా? గర్ అన్నా ఇల్లే, బావూ అన్నా అన్నయ్యే, కాబట్టి అక్కడ ఏమీ కోయను. ఖాలీ అంటే కింద, కాళీ అంటే నల్లది. ఇలాంటి చోట నిజంగా అర్థం మారితే "అంటే ఏంటి, ఇంకోసారి చెప్పు" అంటాను. సరిచేసుకుంటే మార్కు పోదు. లింగం తప్పులకు, వ్యాకరణానికి విడిగా మార్కు ఉంటే అక్కడ మాత్రమే, అదీ ఒక్కసారే. పిల్ల ఐదు నిమిషాల్లో మాఝా శాళా అని ఎనిమిదిసార్లు అంటే అవి ఎనిమిది తప్పులు కావు, ఒకే తప్పు ఎనిమిదిసార్లు వినిపించింది. మాట్లాడే భాగంలోనూ, వ్యాకరణంలోనూ, ఉచ్చారణలోనూ అదే తప్పుకు మూడు చోట్ల కోసే టీచర్లను చూశాను. వాళ్లకు దురుద్దేశం ఏమీ ఉండదు, ఆ పిల్ల మాట చెవికి గుచ్చుకుంటుంది, అందుకే చేయి ఆగదు.

పోయినేడాది ఒక అబ్బాయికి మిర్చి చీటీ వచ్చింది. "ఆమ్హీ కల్లాత్ మిర్చీ వాళవతో" అన్నాడు. కల్లంలో మిర్చి ఎండబెడతాం అని. కల్లం మన మాట, దానికి మరాఠీ విభక్తి తగిలించాడు. కల్ల అంటే ఏంటని మరాఠీలోనే అడిగాను. వాడు రెండు చేతులూ చాపి, ఊరి బయట నేల చదును చేసి, పేడతో అలికి, అక్కడ కాయ పరిచి, రాత్రి కుక్కలు, పందులు రాకుండా కాపలా పడుకుంటామని చెప్పాడు. తాలు కాయ ఎలా ఏరతారో, వాన మబ్బు కనిపిస్తే టార్పాలిన్ ఎలా లాగుతారో, వాళ్ల అమ్మ చేతులు ఎలా మండుతాయో అంతా మరాఠీలోనే చెప్పాడు. ఒక్క మాట తెలియకపోతే దాని చుట్టూ నాలుగు వాక్యాలు అల్లి అర్థమయ్యేలా చేయడం భాష రావడం కాకపోతే మరేంటి? 5 వేశాను. పక్కనున్న ఇంకో టీచరు 3 అన్నారు, తెలుగు మాట కలిపాడు కదా అని. ముందే రాసి పెట్టుకున్న కాగితం తీసి చూపించాను, అందులో ఉన్నదాని ప్రకారం వాడు ఎక్కడ తక్కువయ్యాడో చెప్పమన్నాను. ఆయన రెండుసార్లు చదివి తన 3 కొట్టేసి 5 వేశారు. కాగితం లేకపోతే అది నా ఇష్టానికీ ఆయన ఇష్టానికీ మధ్య గొడవలా మిగిలేది.

పరీక్ష జరుగుతున్నప్పుడు

ముందు విన్నది రాయండి, తర్వాత అంకె వేయండి. ఎంత హడావిడి ఉన్నా ఈ వరుస తప్పకండి. నాలుగు మాటలు చాలు: "వరద, పడవ, తనంతట తానే, రెండుసార్లు అందించా". అంకె ముందు వేస్తే ఆ తర్వాత మనకు వినిపించేదంతా ఆ అంకెను సమర్థించేలాగే వినిపిస్తుంది.

ఇందాక చెప్పిన 4, 2 తేడా ఎలా వచ్చిందో చెప్తాను. ఆ పిల్ల కంటే ముందు వచ్చింది తరగతిలో ఫస్ట్ వచ్చే అమ్మాయి, వక్తృత్వ పోటీల్లో మాట్లాడే పిల్ల, మూడు నిమిషాలు గడగడా చెప్పేసింది. ఆ వెంటనే వచ్చిన పిల్ల నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో, తల దించుకుని, అమ్మతో పాటు నది దాటి పత్తి ఏరడానికి వెళ్లిన రోజు చెప్పింది. నేను 2 వేశాను. హిందీ సార్ "ఏం తప్పు చెప్పింది మేడం?" అన్నారు. వెతికితే ఒక్కటీ దొరకలేదు. నేను ఆ పిల్లను నా కాగితంతో కాదు, ముందు పిల్లతో పోల్చాను. అదే పిల్ల నోరు మెదపని పిల్లాడి తర్వాత వచ్చి ఉంటే 4 వేసేదాన్ని. ఇప్పుడు ప్రతి పిల్లకూ మధ్య అర నిమిషం ఆగుతాను, పెట్టుకున్న కాగితం ఒకసారి చూస్తాను, తర్వాతే పిలుస్తాను. ఎనిమిది మంది అయ్యాక పది నిమిషాలు లేచి తిరుగుతాను. అందరూ అయ్యాక మొదటి ముగ్గురివి మళ్లీ చదువుతాను, ఎందుకంటే మొదట వచ్చిన వాళ్లకు చేయి కొంచెం బిగించి వేయడం నాకు అలవాటని గమనించాను. మీ అలవాటు వేరే ఉండొచ్చు, పాత మార్కుల రిజిస్టరు తీసి చూస్తే దొరుకుతుంది.

ఇంకోటి, మంచి పిల్ల అనుకుంటే అన్నీ మంచిగానే వినిపించడం. 1920లో థార్న్‌డైక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకు వేసిన మార్కులు చూసి ఇది పట్టుకున్నాడు. శరీర దారుఢ్యం బాగుందని వేసిన వాడికి తెలివి, నాయకత్వం, నడవడిక అన్నీ బాగున్నాయనే వేసేశారట. మా స్టాఫ్‌రూమ్‌లోనూ అదే జరుగుతుంది: యూనిఫాం ఇస్త్రీగా ఉన్న పిల్లకు, నమస్కారం పెట్టిన పిల్లకు, సార్ల పిల్లలకు వినే భాగంలో కూడా ఒక మార్కు ఎక్కువ పడుతుంది. దీనికి నేను చేసేది, ఒక్కో భాగానికి వేరే కాగితం పెట్టి, వినే భాగం అందరికీ ఒక రోజు, మాట్లాడే భాగం ఇంకో రోజు పెట్టడం. రెండో రోజు మొదటి రోజు కాగితం నా ముందు ఉండదు.

పిల్ల ఆగిపోతే ఆగండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల్లో కొలిచి చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు ఎదురుచూసేది సుమారు ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడని పిల్లలు మాట్లాడారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ ఉన్న పిల్లకు ఆ మూడు సెకన్లూ చాలవు. నేను మనసులో పది లెక్కపెడతాను. అప్పటికీ రాకపోతే అందిస్తాను, కానీ అందరికీ ఒకే మాటలతో: "తర్వాత ఏమైంది?", "అక్కడ ఎవరెవరున్నారు?" ఈ రెండే. ఒకరికి సగం జవాబు అందించి, ఇంకొకరిని మౌనంగా చూస్తూ కూర్చోవడం సరికాదు.

నత్తి ఉన్న పిల్లలకు టైమ్ చూడకండి, వాక్యం మీరు పూర్తి చేయకండి, కళ్లు పక్కకు తిప్పకండి. చెప్పిన విషయానికే మార్కు, చెప్పడానికి పట్టిన సేపుకు కాదు. వీలైతే మిగతా పిల్లలు గుమ్మం దగ్గర లేని సమయంలో పిలవండి. నిజానికి గుమ్మం దగ్గర ఎవరూ లేకుండా చూసుకోవడం అందరికీ అవసరం, లోపల ఒకరు తడబడితే బయట పుట్టే నవ్వు లోపలికి వినిపిస్తుంది. తల దించుకుని మాట్లాడే ఆడపిల్లలకు "ఆత్మవిశ్వాసం లేదు" అని కోయకండి. పెద్దవాళ్ల కళ్లలోకి చూడకూడదని ఇంట్లో నేర్పారు, అది మరాఠీకి సంబంధం లేని సంగతి.

ఒత్తిడి వచ్చినప్పుడు

"అందరికీ 18 వేసెయ్యండి మేడం, పిల్లలు బాగుపడతారు" అనే మాట మీరూ వింటారు. పక్క బడి వాళ్లు వేస్తున్నారు, మన పిల్లలే ఎందుకు నష్టపోవాలి అంటారు. ఈ మాటలో బాధ ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ అందరికీ 18 వేస్తే, ఏడాదంతా కష్టపడి నోరు తిప్పుకున్న గోండీ ఇంటి పిల్లకూ, పరీక్ష రోజు రాకుండానే మార్కు పడ్డ పిల్లాడికీ ఒకటే అంకె. ఆ పిల్లకు దక్కాల్సింది మనమే లాక్కున్నట్టు. నా పద్ధతి ఏంటంటే, పైన రాసినట్టు కొలతే దయగా పెట్టుకోవడం, అర్థమయ్యేలా చెప్పిన ప్రతి పిల్లకూ మంచి మార్కు అందేలా. ఆ తర్వాత కొలతను ఎవరి కోసమూ కదపను. ఇలా చేస్తే మా తరగతిలో చాలామందికి 14 నుంచి 19 మధ్య వస్తాయి, ఎవరికి ఎందుకు వచ్చాయో చెప్పగలను.

తెలిసినవాళ్ల ఫోన్లు వస్తాయి. బంధువుల పిల్ల, తోటి టీచరు పిల్ల, మన దగ్గరే ట్యూషన్‌కు వచ్చే పిల్ల ఉంటే ఆ రోజు మార్కు ఇంకో టీచరుతో వేయించండి, మీరు గదిలో కూడా ఉండకండి. మాటలో మొహమాటం పడినా పర్వాలేదు, కాగితం మీద పడకూడదు. మా బావగారి అమ్మాయికి అలాగే చేశాను. ఆయన ఆర్నెల్లు సరిగ్గా మాట్లాడలేదు, ఆ అమ్మాయి మాత్రం ఇప్పటికీ వస్తుంది.

అయిపోయాక

ఆ రోజే కూడికలు చేయండి, మర్నాటికి పెట్టకండి. అంకెలు గుణపత్రకంలోకి, అంటే మార్కుల పట్టీలోకి ఎక్కించేటప్పుడు ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. 16ను 61 లాగా చదివిన వాళ్లున్నారు, ఒక వరుస కిందికి జారి 12 మంది పిల్లల మార్కులు పక్క పేర్లకు పడ్డ బడి ఉంది. తేడాగా కనిపించిన వాళ్లను, అంటే ఏడాదంతా బాగా మాట్లాడి ఆ రోజు మాత్రం నోరు తెరవని పిల్లను, సంతకం పెట్టక ముందే ఇంకోసారి పిలవండి. కానీ ఆ అవకాశం ఒకరికి ఇస్తే అలాంటి వాళ్లందరికీ ఇవ్వాలి. మీ నోట్ల కాగితాలు రిజల్టు వచ్చే దాకా దాచండి. ఫోన్‌లో రికార్డు చేయాలనుకుంటే హెడ్‌మాస్టర్ అనుమతి తీసుకుని, పిల్లలకూ ఇంట్లోవాళ్లకూ చెప్పి చేయండి, పని అయ్యాక తీసేయండి.

తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, "ఎన్ని వేశారు" అని కాదు, "ఏ భాగంలో ఎన్ని, ఏం విని వేశారు" అని నెమ్మదిగా అడగండి. రాసి పెట్టుకున్న టీచరుకు ఆ ప్రశ్న భారం కాదు. మా నాన్న అడగలేకపోయింది ఆ ఒక్క ప్రశ్నే.

మర్నాడు తరగతికి వెళ్లి ఒక్కో పిల్లకు ఒక్కో వాక్యం చెప్తాను, మార్కు చెప్పను, విన్నది చెప్తాను. కల్లం అబ్బాయితో "ఖళ్యాత్ అనాలిరా, మిగతాదంతా బాగా చెప్పావు" అన్నాను. వాడు లేచి నిలబడి "మేడం, మా కల్లంలో ఎవరూ ఖళే అనరు" అన్నాడు. బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కన రాసి, తరగతి పిల్లలందరి చేత నోటుబుక్కుల్లో ఎక్కించాను.